జన్యుమార్పిడి ఆహారం: వినియోగదారుల వైఖరి, లేబుల్ చట్టాలు

ఒక జీవిలోని జన్యువును ప్రయోగశాలలో వేరుచేసి మరో జీవిలో చేర్చడం వల్ల, లేదా ఉన్న జన్యువునే ఆ పద్ధతిలో అణచిపెట్టడం వల్ల తయారైన పంటలను జన్యుమార్పిడి పంటలనీ, వాటితో చేసిన తిండిని జన్యుమార్పిడి ఆహారమనీ అంటారు. పత్రికల్లోనూ వ్యవహారంలోనూ జీఎం పంట, జీఎం ఆహారం అనే మాటలు స్థిరపడ్డాయి. 1994 మే నెలలో కాల్జీన్ కంపెనీ తెచ్చిన ‘ఫ్లేవర్ సేవర్’ టమాటాకు అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ అంగీకారం తెలిపింది. అప్పటినుంచి రెండు ప్రశ్నలు జంటగా నడుస్తున్నాయి. ఇలాంటి తిండిని జనం తింటారా? తినేది అదేనని వాళ్లకు చెప్పి తీరాలా?

మొదటి ప్రశ్న మీద వందల సర్వేలు జరిగాయి. రెండోదాని మీద అరవైకి పైగా దేశాలు ఏదో ఒక రూపంలో చట్టం చేశాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఒకటుంది. జనం వైఖరి జన్యుశాస్త్రం తెలియడం, తెలియకపోవడం మీద అంతగా ఆధారపడలేదు. తిండిని తమ ఇంటిదాకా చేర్చినవాళ్లు నిజం చెబుతున్నారా, చెప్పకపోతే వాళ్లను నిలదీయగలమా అన్నదాన్నిబట్టే అది మారుతూ వచ్చింది. లేబుల్ కోసం జరిగిన పోరాటం కూడా ఆ జవాబుదారీ కోసం జరిగిందే.

బ్రిటన్: డబ్బా మీద రాసినప్పుడు, రాయనప్పుడు

జీఎం అని రాస్తే ఎవరూ కొనరన్న వాదన పరిశ్రమ వర్గాల్లో మొదటినుంచీ ఉంది. దానికి ఎదురు నిలిచే తొలి ఉదాహరణ బ్రిటన్‌లోనే దొరుకుతుంది. 1996 ఫిబ్రవరిలో జెనెకా అనే కంపెనీ తయారుచేసిన టమాటా ముద్ద డబ్బాలు సెయిన్స్‌బరీస్, సేఫ్‌వే దుకాణాల్లోకి వచ్చాయి. త్వరగా మెత్తబడకుండా మార్చిన టమాటాలను కాలిఫోర్నియాలో పండించి ఆ ముద్ద చేశారు. కాయ గట్టిగా ఉండటంవల్ల వృథా తగ్గింది, ముద్ద చిక్కగా వచ్చింది, ఖర్చు తగ్గింది. ఆ మిగులును వినియోగదారుకే ఇచ్చారు. మామూలు డబ్బా ధరకే దీని పెద్ద డబ్బా వచ్చేది. జన్యుమార్పిడి టమాటాలతో చేసినదని డబ్బా మీద కొట్టొచ్చినట్టు అచ్చువేశారు. అలా వేయాలని అప్పటికి ఏ చట్టమూ అడగలేదు. పక్కనే మామూలు టమాటా ముద్ద కూడా ఉంది. ఇష్టమున్నవాళ్లు అది తీసుకోవచ్చు. అయినా కొత్త డబ్బాలు బాగా అమ్ముడుపోయాయి. 1999లో అమ్మకం ఆగేనాటికి మొత్తం 18 లక్షల డబ్బాలు జనం ఇళ్లకు చేరాయి.

ఇంత ఆదరణ మూడేళ్లలో ఎందుకు అడుగంటింది? కారణాల్లో మొదటిది టమాటాకు సంబంధించినదే కాదు. బ్రిటన్ పశువుల్లో మెదడును తినేసే ‘పిచ్చి ఆవు’ వ్యాధి ప్రబలినప్పుడు ఆవు మాంసం నిరపాయకరమని ప్రభుత్వం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. 1990లో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు తన చిన్న కూతురికి బర్గర్ తినిపించబోయారు. 1996 మార్చిలో అదే ప్రభుత్వం పార్లమెంటులో లేచి, మనుషుల్లో కనిపిస్తున్న కొత్త మెదడు జబ్బుకు ఆ మాంసంతో సంబంధం ఉండే అవకాశం ఉందని ఒప్పుకుంది. ఆహారం గురించి అధికారులు చెప్పే మాటకు ఆనాటితో విలువ పడిపోయింది.

ఆ ఏడాది చివర్లోనే అమెరికా నుంచి మాన్‌శాంటో కంపెనీ సోయా ఐరోపా రేవులకు చేరింది. కలుపు మందును తట్టుకునేలా మార్చిన ఆ సోయాను మామూలు సోయాతో కలిపేసి ఓడల్లో పంపారు. వేరుచేయడం కుదరదని ఎగుమతిదారులు తెగేసి చెప్పారు. బిస్కట్ నుంచి రొట్టె దాకా వేల సరుకుల్లో సోయా పిండి, నూనె, లెసిథిన్ వాడతారు. ఎందులో ఏది ఉందో అమ్మేవాడికే తెలియని స్థితి వచ్చింది. టమాటా డబ్బా కొన్నవాళ్లను ఎవరూ మోసగించలేదు. సోయా విషయంలో మాత్రం తమను అడగకుండానే కంచంలో ఏదో కలిపారన్న కోపం పుట్టింది. ఈ తేడాను గమనించకుండా, బ్రిటిష్ ప్రజలు విజ్ఞానానికి బెదిరిపోయారని తేల్చేయడం అన్యాయం.

ఆ మీద జరిగినవి త్వరత్వరగా జరిగాయి. 1998 మార్చిలో ఐస్‌లాండ్ దుకాణాల సంస్థ తన సొంత సరుకుల్లో జీఎం వాడబోనని ప్రకటించింది. ఆగస్టులో స్కాట్లండ్‌లోని రోవెట్ సంస్థ శాస్త్రవేత్త ఆర్పాడ్ పుస్తాయ్, మార్చిన బంగాళాదుంపలు తిన్న ఎలుకల్లో చెడు ఫలితాలు చూశానని టీవీలో చెప్పారు. ఆయన్ని పదవి నుంచి తప్పించారు. ఆ ప్రయోగాలు లోపభూయిష్ఠమని రాయల్ సొసైటీ 1999లో తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో ‘లాన్సెట్’ పత్రిక వాటిలో కొంత భాగాన్ని ప్రచురించింది. అప్పటికే పెద్ద దుకాణాలన్నీ ఒకదాని వెంట ఒకటి జీఎం సరుకును అరల నుంచి తీసేశాయి. టమాటా ముద్ద కూడా ఆ వరదలోనే కొట్టుకుపోయింది.

2003లో బ్రిటన్ ప్రభుత్వం ‘జీఎం నేషన్’ పేరుతో దేశవ్యాప్తంగా చర్చ పెట్టింది. దాదాపు 37 వేల మంది అభిప్రాయ పత్రాలు నింపి పంపారు. ఎక్కువమంది వ్యతిరేకించారు. సొంతంగా ముందుకొచ్చేవాళ్లు ఎలాగూ వ్యతిరేకులే అయి ఉంటారన్న అనుమానంతో, ఈ గొడవ పట్టని మామూలు మనుషులను విడిగా ఎంపికచేసి వాళ్లతోనూ మాట్లాడించారు. వాళ్లు మొదట అంత కటువుగా లేరు. విషయం లోతుగా తెలుసుకుంటున్నకొద్దీ వాళ్ల సందేహాలు తగ్గకపోగా గట్టిపడ్డాయి. సమాచారం అందితే భయం దానంతటదే పోతుందని నమ్మేవాళ్లు ఈ ఫలితాన్ని నిదానంగా చదవాలి.

అడిగితే ఒక మాట, కొనేటప్పుడు మరొకటి

సర్వేలో చెప్పేది వేరు, జేబులో డబ్బు తీసేటప్పుడు చేసేది వేరు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో నూసేర్, రోబాన్, రుఫియే అనే ఆర్థికవేత్తలు దీన్ని ప్రయోగశాలలో పరీక్షించారు. నిజమైన డబ్బు, నిజమైన బిస్కట్లతో వేలం పెట్టి 2004లో ఫలితాలు ప్రకటించారు. జీఎం అని తెలిశాక ఎంత చవకైనా కొనబోమన్నవాళ్లు 35 శాతం. తేడా పట్టించుకోనివాళ్లు 23 శాతం. ధర తగినంత తగ్గితే కొంటామన్నవాళ్లు 42 శాతం. ఆ రోజుల్లో ఫ్రెంచి జనాభిప్రాయ సేకరణల్లో కనిపించిన వ్యతిరేకత ఇంతకన్నా చాలా ఎక్కువ. అదే బృందం మరో సంగతి కూడా కనిపెట్టింది. పొట్లం మీద మామూలు అక్షరాల్లో రాసి ఉన్నప్పుడు కొనేవాళ్లు ఇచ్చే ధర మారలేదు. ఆ రాతనే పెద్ద తెర మీద చూపించాక పడిపోయింది. అంటే లేబుల్‌ను చాలామంది చదవనే లేదు.

2007లో ‘నేచర్ బయోటెక్నాలజీ’లో వచ్చిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. న్యూజీలాండ్ పరిశోధకులు తమ దేశంలోనూ ఐరోపాలోని ఐదు దేశాల్లోనూ రోడ్డు పక్కన పండ్ల బడ్డీలు పెట్టారు. ఒక బుట్ట మీద సేంద్రియ పండ్లని, ఒకదాని మీద మామూలువని, మూడోదాని మీద పురుగుమందు కొట్టనక్కర్లేని జీఎం పండ్లని రాశారు. నిజానికి మూడింటిలోనూ ఉన్నవి మామూలు పండ్లే. ధరలు మార్చిమార్చి చూశారు. జీఎం బుట్ట చవకైనప్పుడు, సర్వేల్లో జీఎం వ్యతిరేకతకు పేరుబడ్డ దేశాల్లోనూ చాలామంది దాన్నే ఎత్తుకున్నారు. పురుగుమందు లేదన్న మాట వాళ్లకు పనికొచ్చే మాట. తొలితరం జీఎం పంటల్లో వినియోగదారుకు అలాంటి లాభం ఏదీ కనబడలేదు. కలుపు ఖర్చు తగ్గింది రైతుకు, విత్తనం, మందు అమ్ముకుంది కంపెనీ. ముప్పు ఎంత చిన్నదైనా, తనకేమీ మిగలనప్పుడు దాన్ని ఎందుకు మోయాలని కొనేవాడు అనుకోవడం తర్కానికి విరుద్ధం కాదు.

ప్రశ్న అడిగే తీరు కూడా జవాబును మార్చేస్తుంది. అమెరికాలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ నిర్వహించిన నెలవారీ సర్వే 2015 జనవరిలో, డీఎన్‌ఏ ఉన్న ఆహారం మీద ఆ సంగతి తప్పక రాయాలా అని అడిగింది. 80 శాతం మంది అవునన్నారు. తినే ప్రతి ఆకులోనూ గింజలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. దీన్ని పట్టుకుని జనం అజ్ఞానులని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. ఏదైనా రాయాలా అని అడిగితే వద్దనేవాడు అరుదన్నదే ఆ ఫలితానికి సరైన అర్థం. ఊరికే దొరికేదైతే సమాచారాన్ని కాదనేదెవరు?

శాస్త్రవేత్తలకూ సామాన్యులకూ మధ్య దూరం మాత్రం నిజంగానే పెద్దది. 2014లో అమెరికాలో ప్యూ పరిశోధనా సంస్థ సేకరించిన అభిప్రాయాల్లో జీఎం ఆహారం తినడానికి సురక్షితమన్న శాస్త్రవేత్తలు 88 శాతం, సామాన్యులు 37 శాతం. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో తెచ్చిన పెద్ద నివేదిక, ఇప్పుడు అమ్మకంలో ఉన్న జీఎం పంటలవల్ల మామూలు పంటలకన్నా ఎక్కువ ఆరోగ్య ముప్పు ఉన్నట్టు ఆధారం దొరకలేదని చెప్పింది. అదే నివేదిక, లేబుల్ ప్రశ్న శాస్త్రంతోనే తేలేది కాదనీ, సమాజపు విలువలూ అందులో ఉన్నాయనీ గుర్తించింది. 2019లో ఫిలిప్ ఫెర్న్‌బాక్ బృందం మరో కోణం చూపింది. జీఎంను అతి తీవ్రంగా వ్యతిరేకించేవాళ్లు తమకు బాగా తెలుసనుకుంటారు. జన్యుశాస్త్రపు చిన్న ప్రశ్నలకు వాళ్ల జవాబులే అందరికన్నా బలహీనంగా ఉన్నాయి. ‘జీఎం నేషన్’ అనుభవానికి ఇది వ్యతిరేకంగా కనిపించినా రెండూ నిజమే. ఒకచోట కొలిచింది పరీక్షలో వచ్చే మార్కులను. మరోచోట జనం అడిగింది, తప్పు జరిగితే బాధ్యత ఎవరిదని.

ఐరోపా: కాగితాల గొలుసు

ఐరోపా సమాజం 1997 నుంచి మెల్లగా లేబుల్ నిబంధనలు పెడుతూ వచ్చి, 2003లో రెండు గట్టి చట్టాలు చేసింది. 2004 ఏప్రిల్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఒక్కో దినుసులో అనుకోకుండా కలిసిన జీఎం 0.9 శాతం దాటితే లేబుల్ తప్పదు. వీటిలో ముఖ్యమైన అంశం నూనె. శుద్ధిచేసిన సోయా నూనెలో డీఎన్‌ఏ గానీ ప్రొటీన్ గానీ దాదాపు మిగలవు. పరీక్షలో ఏమీ తేలదు. అయినా ఐరోపాలో ఆ సీసా మీద రాయాల్సిందే. పొలం నుంచి దుకాణం దాకా ప్రతి చేతి మార్పిడిలోనూ సరుకు ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలని, ఆ పత్రాలను ఐదేళ్లు దాచాలని చట్టం శాసించింది. పరీక్షనాళిక చెప్పలేనిదాన్ని కాగితం చెబుతుంది.

ఈ చట్టం ఎంపిక స్వేచ్ఛ కోసమని చెప్పారు. ఆచరణలో ఐరోపా దుకాణంలో జీఎం లేబుల్ ఉన్న సరుకు కనబడటమే అరుదు. వ్యాపారులు రచ్చకు భయపడి దినుసులే మార్చుకున్నారు. ఇంకోపక్క ఐరోపా పశువులు, కోళ్లు తినే సోయాలో అధిక భాగం దక్షిణ అమెరికా నుంచి వచ్చే జీఎం రకమే. ఆ పశువుల పాలు, మాంసం, గుడ్ల మీద ఏ రాతా అక్కర్లేదు. ఈ కంతను పూడ్చడానికి జర్మనీ 2008లో, జీఎం దాణా పెట్టని పశువుల ఉత్పత్తులకు ప్రత్యేక గుర్తు ఇచ్చే ఏర్పాటు చేసింది. కాలం గడిచేకొద్దీ ఆందోళన కూడా చల్లబడింది. 2010 యూరోబారోమీటర్ సర్వేలో మూడింట రెండొంతుల మంది జీఎం గురించి కలవరపడ్డారు. 2019లో ప్రశ్న వేరే రకంగా అడిగినప్పుడు ఆ మాట అన్నవాళ్లు నాలుగింట ఒక వంతుకు కాస్త పైన. పురుగుమందుల అవశేషాలు, మాంసంలో యాంటీబయాటిక్‌లు ఆందోళనల జాబితాలో పైకెక్కాయి.

అమెరికా: వద్దన్న లేబుల్ చివరికి ఎలా వచ్చింది

జీఎం ఆహారం సారంలో మామూలు ఆహారంతో సమానమేనని, అందువల్ల విడిగా లేబుల్ అక్కర్లేదని అమెరికా 1992లోనే నిశ్చయించుకుంది. ఇరవై ఏళ్లపాటు అక్కడి జనంలో చాలామందికి తాము రోజూ తింటున్నది అదేనన్న ఎరుక లేదు. మొక్కజొన్న, సోయా విస్తీర్ణంలో తొంభై శాతానికి పైగా ఇప్పుడు జీఎం రకాలదే.

2012 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు, లేబుల్ తప్పనిసరి చేయాలన్న 37వ ప్రతిపాదన వచ్చింది. సెప్టెంబరులో సర్వేలన్నీ లేబుల్ వైపే ఉన్నాయి. విత్తన కంపెనీలు, ఆహార కంపెనీలు కలిసి నాలుగున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, కిరాణా బిల్లు పెరుగుతుందని ప్రచారం చేశాయి. ప్రతిపాదన 51.4 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడింది. మరుసటి ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలోనూ అంతే. చివరికి వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం 2014లో చట్టం చేసి, 2016 జులై 1 నుంచి అమలుచేసింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పొట్లం అచ్చువేయడం కంపెనీలవల్ల కాలేదు. అదే నెలాఖరున అధ్యక్షుడు ఒబామా దేశమంతటికీ ఒకే చట్టం మీద సంతకం చేశారు. వెర్మాంట్ చట్టం రద్దయింది.

కొత్త చట్టం 2022 జనవరి నుంచి తప్పనిసరి అయింది. జీఎం అన్న మాటను వదిలేసి ‘బయోఇంజినీర్డ్’ అన్న పదాన్ని ఎంచుకున్నారు. పరిమితి 5 శాతం. జన్యు పదార్థం దొరకనంతగా శుద్ధిచేసిన నూనెకు, చక్కెరకు మినహాయింపు ఇచ్చారు. మాటల్లో రాయకుండా క్యూఆర్ కోడ్ పెట్టినా సరిపోతుందని మొదట అనుమతించారు. కొనేవాడు అరముందు నిలబడి ఫోన్ తీసి ఒక్కో పొట్లాన్నీ స్కాన్ చేయాలని ఆశించే నిబంధన, చెప్పినట్టు అనిపించుకుంటూ దాచడమే.

వెర్మాంట్‌లో లేబుల్ నిలిచింది కొద్ది వారాలే అయినా ఒక విలువైన ఆధారాన్ని మిగిల్చింది. జేన్ కొలొడిన్‌స్కీ, జేసన్ లస్క్ 2018లో ప్రచురించిన పరిశీలనలో, లేబుల్ వచ్చాక ఆ రాష్ట్రంలో జీఎం పట్ల వ్యతిరేకత మిగతా దేశంతో పోలిస్తే 19 శాతం తగ్గింది. లేబుల్ హెచ్చరికలా పనిచేసి జనాన్ని బెదరగొడుతుందన్న పరిశ్రమ భయం అక్కడ నిజం కాలేదు. దాచిపెట్టడం లేదని తెలియడమే చాలామందికి ఊరట అయింది.

మిగతా ప్రపంచం

జపాన్ 2001లో 5 శాతం పరిమితితో లేబుల్ తెచ్చింది. 2023 నుంచి జీఎం కాదని రాసుకోవాలంటే పరీక్షలో ఏమాత్రం కనబడకూడదని బిగించింది. చైనా 2002 నుంచి సోయా, మొక్కజొన్న, ఆవ జాతి నూనెగింజలు, పత్తి, టమాటాలకు చెందిన 17 సరుకులకు పరిమితి మాటే లేకుండా లేబుల్ కోరుతోంది. బ్రెజిల్‌లో పసుప్పచ్చ త్రికోణంలో నల్లని ‘టీ’ అక్షరం వేస్తారు. చదువురానివాడికీ అర్థమయ్యే గుర్తు అది.

ఆఫ్రికాలో ఈ ప్రశ్న ఆకలితో ముడిపడింది. 2002 కరవులో జాంబియా అధ్యక్షుడు లెవీ మ్వానవాసా అమెరికా పంపిన జీఎం మొక్కజొన్నను తిప్పికొట్టారు. కెన్యా 2012లో, ఎలుకల్లో కణుతులు చూశామన్న ఫ్రెంచి శాస్త్రవేత్త సెరాలినీ వ్యాసం వచ్చిన రెండు నెలలకే దిగుమతులు నిషేధించింది. ఆ వ్యాసాన్ని పత్రిక మరుసటి ఏడాది ఉపసంహరించుకుంది. నిషేధం మాత్రం 2022 దాకా కొనసాగింది. అంతర్జాతీయంగా ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ సంఘం రెండు దశాబ్దాలు వాదించి, 2011లో ఎవరి పద్ధతి వాళ్లు ఎంచుకోవచ్చన్న చోట ఆగిపోయింది.

భారతదేశం: చట్టంలో ఉంది, కొట్టులో లేదు

తెలుగు నేల మీద ఈ చర్చ చాలా ముందే మొదలైంది. 2001 జూన్ చివర మెదక్ జిల్లాలో ‘ప్రజాతీర్పు’ పేరుతో ఒక పౌర న్యాయపీఠం కూర్చుంది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు విజన్ 2020 పత్రం మీద, అందులో భాగంగా జీఎం పంటల మీద విచారణ చేసింది. పీఠంలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, దళిత స్త్రీలు. ప్రభుత్వ అధికారులను, కంపెనీ ప్రతినిధులను, శాస్త్రవేత్తలను సాక్షులుగా పిలిచి ప్రశ్నలు వేశారు. విశ్రాంత సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.బి. సావంత్ పర్యవేక్షక బృందానికి అధ్యక్షత వహించారు. పురుగును తట్టుకునేలా మార్చిన బీటీ పత్తి, విటమిన్ ఏ బియ్యం సహా జీఎం పంటలు తమకు వద్దని పీఠం తీర్పు చెప్పింది. బయటి సంస్థలు నడిపించాయన్న విమర్శ దాని మీద వచ్చింది. అయినా పండించేవాళ్లూ తినేవాళ్లూ ఒకరే అయినచోట వాళ్ల మాటను ఇంత శ్రద్ధగా విన్న సందర్భాలు దేశంలో ఎక్కువ లేవు.

మరుసటి ఏడాది, 2002 మార్చిలో, బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలో పత్తి సాగు తొంభై శాతానికి పైగా బీటీదే. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు ప్రాంతాల్లో మరో రకం విత్తనం దొరకడమే కష్టం. పత్తి అంటే బట్టే గుర్తొస్తుంది. కానీ గింజ నుంచి తీసిన నూనె ఏటా పది లక్షల టన్నులకు పైగా దేశంలో వంటకు, చిరుతిళ్ల తయారీకి పోతుంది. నూనె పిండగా మిగిలిన పత్తి చెక్క పాడి పశువుల దాణా. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె ఏటా 30 లక్షల టన్నుల పైమాటే. ఆ దేశాల్లో సోయా దాదాపు అంతా జీఎం. మన దేశంలో జీఎం తిండి లేదని సభల్లో చెప్పేవాళ్లు ఈ నూనె సంగతి దాటేస్తారు.

కూరగాయగా రావాల్సిన మొదటి జీఎం పంట బీటీ వంకాయ. కాయతొలుచు పురుగును తట్టుకునేలా మహికో కంపెనీ దాన్ని రూపొందించింది. జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ 2009 అక్టోబరులో పచ్చజెండా ఊపింది. పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని వెంటనే వదలకుండా, 2010 జనవరి, ఫిబ్రవరుల్లో హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపారు. దాదాపు ఎనిమిది వేల మంది వచ్చారు. రైతులు, వైద్యులు, శాస్త్రవేత్తలు, గృహిణులు గంటల తరబడి వాదించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌తో పాటు పలు రాష్ట్రాల ప్రభుత్వాలు వద్దన్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు, సుప్రీంకోర్టు తరఫున ఆ కమిటీలో పరిశీలకుడిగా కూర్చున్న పి.ఎం. భార్గవ, జరిపిన పరీక్షలు చాలవని గట్టిగా చెప్పారు. ఫిబ్రవరి 9న మంత్రి నిరవధిక మారటోరియం ప్రకటించారు. అది ఇప్పటికీ ఉంది. పొరుగున బంగ్లాదేశ్ 2013లో అదే వంకాయను ఆమోదించి రైతులకు నారు పంచింది.

ఆ విచారణల్లో వినిపించిన భయం వంకాయతో ప్రత్యేకంగా ముడిపడింది. టమాటా ముద్దలా అది డబ్బాలో రాదు. రైతుబజారులో కుప్పపోసి, తూకం వేసి సంచిలో పోస్తారు. దాని మీద లేబుల్ ఎక్కడ అంటిస్తారు? కొనేవాళ్లు వంకాయ చేతిలోకి తీసుకుని చూసేది లేతదా, పుచ్చుందా అని. అడిగేది నాటుదా, మందులు కొట్టిందా అని. మన సంతల్లో వినియోగదారు నిజంగా పట్టించుకునే విభజన ఇదే. విజేశ్ కృష్ణ, మతిన్ కైమ్ అనే ఆర్థికవేత్తలు భారతీయ నగరవాసుల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం దీన్ని బలపరుస్తుంది. జీఎం గురించి విన్నవాళ్లే తక్కువ. వివరించాక అదే ధరకు కొంటామన్నవాళ్లు మూడింట రెండొంతులు. పురుగుమందు అవశేషాలు లేని కూరగాయకు ఎక్కువ ధర ఇవ్వడానికీ వాళ్లు సిద్ధపడ్డారు. హైబ్రిడ్ టమాటాను, గింజల్లేని ద్రాక్షను, స్వీట్‌కార్న్‌ను చాలామంది జీఎం అనుకుంటారు. దేశంలో చట్టబద్ధంగా అమ్మే జీఎం కూరగాయ, పండు ఏదీ లేదు.

లేబుల్ చట్టం మాత్రం ఎప్పుడో వచ్చింది. తూనికలు, కొలతల నిబంధనలను 2012లో సవరించి, 2013 జనవరి 1 నుంచి జీఎం ఆహారం ఉన్న ప్రతి పొట్లం మీదా పైభాగంలో ‘జీఎం’ అన్న రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలన్నారు. ఎంత శాతం ఉంటే రాయాలో లేదు. ఎవరు పరీక్షించాలో లేదు. నూనె సంగతేమిటో లేదు. శాకాహారానికి పచ్చచుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క పెట్టాలన్న నిబంధన 2001లో వచ్చి ఇంటింటికీ చేరింది. చిన్నపిల్లలు కూడా బిస్కట్ పొట్లం తిప్పి ఆ చుక్క చూస్తారు. జీఎం అక్షరాలను కొట్టులో చూశామని చెప్పగలిగేవాళ్లు కనబడరు. ఈ వైఫల్యానికి జనం ఉదాసీనత కారణం కాదు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అడగాల్సినవాళ్లు అడగలేదు.

ఇది ఊహ కాదని 2018లో తేలింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 65 ఆహార నమూనాలను పరీక్షించగా 32 శాతంలో జీఎం దొరికింది. వాటిలో ఎక్కువ దిగుమతి సరుకులు, మిగిలినవాటిలో పత్తి గింజల నూనె ముఖ్యం. జీఎం లేదని రాసుకున్న సరుకులో కూడా అది బయటపడింది. 2006 ఆహార భద్రత చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని జీఎం ఆహారాన్ని తయారుచేయడం, అమ్మడం, దిగుమతి చేయడం నేరం. అంటే ఆ సరుకులకు లేబుల్ లేకపోవడం రెండో తప్పు. అక్కడ ఉండటమే మొదటిది.

ఆ తర్వాత కొంత కదలిక వచ్చింది. ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 24 దిగుమతి పంటలకు జీఎం కాదన్న ధ్రువపత్రం అడుగుతూ 2020లో ఆదేశమిచ్చింది. అందులో ఒక శాతం వరకు మినహాయింపు ఉంది. 2021 నవంబరులో, ఒక శాతం దాటితే లేబుల్ తప్పదంటూ ముసాయిదా నిబంధనలు విడుదలచేసింది. అదే ఏడాది ఆగస్టులో, కోళ్ల దాణా కొరత తీర్చడానికి 12 లక్షల టన్నుల జీఎం సోయా పిండి దిగుమతికి కేంద్రం అనుమతించింది. 2024 జులైలో జీఎం ఆవాలకు ఇచ్చిన అనుమతి మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నాగరత్న, సంజయ్ కరోల్ భిన్న తీర్పులు ఇచ్చినా, జీఎం వంటనూనెల దిగుమతిలో లేబుల్ చట్టాన్ని పాటించి తీరాలన్న మాట మీద ఏకీభవించారు. పత్రికలు ఆవాల మీద చీలిక గురించి రాశాయి. నూనె సీసా గురించిన ఈ ఏకాభిప్రాయం సామాన్యుడి వంటింటికి మరింత దగ్గరిది.

నియంత్రణ మీద నమ్మకాన్ని దెబ్బతీసే మరో పరిణామం పొలాల్లోనే ఉంది. కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనానికి దేశంలో అనుమతి లేదు. అయినా ‘బీజీ-3’ పేరుతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల్లో అది దొంగచాటుగా అమ్ముడవుతోంది. ప్రతి ఖరీఫ్ ముందూ వ్యవసాయాధికారులు, పోలీసులు సంచులు పట్టుకుంటూనే ఉన్నారు. ఆ పత్తి గింజలు కూడా చివరికి అదే మిల్లుకు, అదే నూనెకు చేరతాయి.

జన్యుసవరణ: పరీక్షకు దొరకని మార్పు

బయటి జన్యువు చేర్చకుండా పంటలోని డీఎన్‌ఏను అనుకున్నచోట కత్తిరించే పద్ధతి జన్యుసవరణ. ఇలా వచ్చిన మార్పు ప్రకృతిలో దానంతటది జరిగే మార్పులాగే ఉంటుంది కనుక లాబొరేటరీ రెండింటినీ విడదీసి చెప్పలేకపోవచ్చు. ఐరోపా న్యాయస్థానం 2018లో దీన్నీ జీఎం కిందే లెక్కగట్టింది. ఆ కట్టును సడలించే ప్రతిపాదనను ఐరోపా కమిషన్ 2023లో తెచ్చింది. ఇంగ్లండ్ అదే ఏడాది వేరే చట్టం చేసి లేబుల్ అక్కర్లేదంది. జపాన్‌లో 2021 నుంచి, గాబా అనే పదార్థం ఎక్కువగా ఉండేలా సవరించిన టమాటా అమ్ముతున్నారు. అక్కడ లేబుల్ చట్టం అడగకపోయినా కంపెనీయే జన్యుసవరణ టమాటా అని బాహాటంగా చెప్పుకుని అమ్మింది.

భారత ప్రభుత్వం 2022 మార్చిలో, బయటి జన్యువు మిగలని సవరణ పంటలను జీఎం నిబంధనల నుంచి తప్పించింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యుసవరణ వరి రకాలను ప్రకటించారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే ‘కమల’, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి నుంచి వచ్చింది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన పూసా డీఎస్‌టీ 1కు మూలం మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, రైతులు కాటన్‌దొర సన్నాలు అని పిలిచే రకం. కమలలో వెన్నుకు గింజలు ఎక్కువ పడతాయని, పంట సుమారు ఇరవై రోజులు ముందుగా కోతకొస్తుందని సంస్థ చెబుతోంది. రెండో రకం చౌడును, నీటి ఎద్దడిని తట్టుకుంటుందంటున్నారు.

ఈ రెండు మాతృకలూ తెలుగువాళ్ల అన్నంలో దశాబ్దాలుగా ఉన్నవి. సాంబ మసూరిని బీపీటీ అని పేరుపెట్టి అడిగి కొంటారు. కొత్త రకం గింజ చూడటానికి, వండటానికి దానిలాగే ఉంటే, ఏది ఏదో పరీక్షతో తేల్చడం తేలిక కాదు. ఐరోపా నూనె విషయంలో పెట్టినటువంటి కాగితాల గొలుసు ఒక్కటే దారి. ధ్రువీకరించిన విత్తన సంచి మీద రకం పేరు తప్పనిసరిగా ఉంటుంది. పండిన ధాన్యం కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిల్లుకు వెళ్లేసరికి నాలుగైదు రకాలు కలిసిపోతాయి. రకం పేరును విత్తన సంచి నుంచి బియ్యం బస్తా దాకా తీసుకురావాలన్న నిబంధన ప్రస్తుతం దేశంలో లేదు.